మాడ్‌కు నేను రాసిన ఒక్క లైను

తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి మా ఆఫీసులో ఉండేది. దాని చేత అబద్ధం ఆడించినవాణ్ణి నేను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. అనుభవాలంటే వాళ్ళ ఉద్దేశం గొప్పలు. గొప్పలు నాకూ రెండు మూడు ఉన్నాయి. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను చేసిన తప్పు చెబుతాను, అది పనికొస్తుంది.

మేడ్చల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పాను. అక్కడ మానేశాక గుండ్లపోచంపల్లిలో, గోదాముల మధ్య ఉన్న ఒక రేకుల షెడ్డుకు ఆనుకుని కట్టిన మేడ మీది ఆఫీసులో చేరాను. కింద షెడ్డులో మిల్లుల నుంచి వచ్చిన పెద్ద పెద్ద పంకాలు బాగుచేసేవారు. పైన ఆరుగురం కూర్చుని లెక్కల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. రెండింటికీ యజమాని ఒకడే. ఆయనది ఆ ఊళ్ళో భూములున్న కుటుంబం. అన్నదమ్ములంతా ప్లాట్ల వ్యాపారంలో ఉంటే ఈయన మాత్రం ఇటు వచ్చాడు. ఎందుకని అడిగితే, "అందరు వెంచర్లే ఏస్తే ఎట్ల సార్, ఇంట్ల ఒక్కడన్న లెక్కల పని జెయ్యాలె గద" అనేవాడు. మంచివాడే. కోపం మాత్రం ముక్కు మీద ఉండేది.

మా సాఫ్ట్‌వేర్ ఉత్త అంకెలు కూడే యంత్రం కాదు. బడిలో మనం కాగితం మీద చేసినట్టు అక్షరాలతో లెక్క చేస్తుంది. ఎక్స్ స్క్వేర్‌కు అవకలజం, అదే డెరివేటివ్, అడిగితే రెండు ఎక్స్ అంటుంది. ఏ ప్రమేయానికి, అంటే ఫంక్షన్‌కు, అవకలజం ఏమిటో చెప్పే నియమాలన్నీ ఒక ఫైలులో ఉండేవి. ఆ ఫైలు నాది. ప్రతి నియమం కింద మూడు గళ్ళు పెట్టించాను: రాసినవారు, పరీక్షించిన విధం, అనుమానం వస్తే అడగవలసినవారు. ఎవరైనా గడి ఖాళీగా వదిలితే చిన్నాపెద్దా చూడకుండా చీవాట్లు పెట్టేవాణ్ణి.

ఆ సాఫ్ట్‌వేర్‌లో నాకు ఎంతో ఇష్టమైన గుణం ఒకటుండేది. తనకు తెలియని లెక్క ఇస్తే, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే మళ్ళీ చూపించేది. చిరునామా దొరకని ఉత్తరం పంపినవాళ్ళకే తిరిగొచ్చినట్టు అన్నమాట. మేము దాన్ని తిరుగుటపా అనేవాళ్ళం. క్లాసులో తెలియదు అనడానికి నోరు రాని లెక్చరర్ల మధ్య బతికి వచ్చినవాణ్ణి కదా (అందులో నేనూ ఒకణ్ణి), ఆ యంత్రం మర్యాద చూస్తే ముచ్చటేసేది.

అలా తిరిగొచ్చేవాటిలో మొదటిది మాడ్. ఇంటర్‌లో చదివే ఉంటారు, మైనస్ ఐదుకు మాడ్ ఐదు. మామూలు సంఖ్యలైతే చిక్కు లేదు. సున్నాకు కుడివైపున అవకలజం ప్లస్ ఒకటి, ఎడమవైపున మైనస్ ఒకటి. కానీ సంకీర్ణ సంఖ్య, అదే కాంప్లెక్స్ నంబర్, ఒక గీత మీద కుదురుగా కూర్చోదు. దానికి పొడవూ ఉంటుంది, దిక్కూ ఉంటుంది. మాడ్ అంటే అందులో పొడవు మాత్రమే. బుద్ధిమంతులైన ప్రమేయాల్లో సంఖ్యను ఏ దిక్కుకు కాస్త జరిపినా అవకలజం ఒక్కటే వస్తుంది. మాడ్ అలా కాదు. తూర్పుకు జరిపితే ఒక జవాబు, ఉత్తరానికి జరిపితే ఇంకో జవాబు. అందరికీ సరిపోయే జవాబంటూ లేదు. మా సాఫ్ట్‌వేర్ ప్రతి అక్షరాన్నీ సంకీర్ణ సంఖ్య అనే అనుకునేది కాబట్టి మాడ్ కనపడగానే తిరుగుటపా పంపేది. ఈ సంగతంతా నేను కాలేజీలో బోర్డు మీద వందసార్లు చెప్పి ఉంటాను.

సాఫ్ట్‌వేర్ కొన్న కాలేజీల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకరోజు యజమాని పైకొచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు.

"సార్, గంత పెద్ద సాఫ్ట్‌వేర్ జేసి మాడ్ రాదంటే నవ్వుతుండ్రు. ఇంటర్ పోరగాండ్లు జేస్తరు గద. ఏదో ఒకటి చెప్పనియ్యుండ్రి దాన్ని."

ఏదో ఒకటి అన్న మాట దగ్గరే నేను అడ్డం పడాల్సింది. ఆ రోజు నాకు ఆకలిగా ఉంది. టిఫిన్ డబ్బా విప్పబోయే ముందు ఒక్క లైను రాశాను: మాడ్‌కు అవకలజం కావాలంటే, ఆ సంఖ్యను దాని మాడ్‌తో భాగించు. మామూలు సంఖ్యలకు అది సరైనదే. సంకీర్ణ సంఖ్యలకు తప్పని నాకు తెలుసు. సంఖ్య ఎలాంటిదో ముందు చూసుకుని జవాబివ్వమని రాయాలంటే ఇంకో వారం పని. మామూలు సంఖ్యలకు మాత్రమే అన్న ముక్క వాడుక పుస్తకంలో ఎక్కడో వెనక పేజీలో చేర్చాను. పరీక్షించిన విధం అన్న గడిలో "తర్వాత చూద్దాం" అని రాసి అన్నానికి కూర్చున్నాను. చుక్కకూర పప్పు, ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత చూడలేదు, ఆ లైను సంగతే మరిచిపోయాను. వేరే చెప్పాలా?

మరుసటి ఏడు ఒక అమ్మాయి చేరింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. వాళ్ళ బాపు వల వేస్తే అమ్మ అంగట్లో అమ్మేది. ఈ పిల్ల ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. వాళ్ళ ఇంట్లో నెల జీతం మీద పనిచేసిన మొదటి మనిషి ఆమే. ఆరు నెలలు పని చూసి, బాగుంటే ఉంచుకుంటామన్నారు. మాట తక్కువ, నోటుబుక్కులు ఎక్కువ. ఏ లెక్కనైనా ముందు చేత్తో చేసి చూసుకోకుండా యంత్రానికి ఇచ్చేది కాదు. అవకలజాలు మాత్రం చేత్తో చేసేది కాదు. ఎందుకమ్మా అంటే, "అవి మీ ఫైలుల ఉన్నయి గద సార్" అనేది. ఆ మాటకు నేను పొంగిపోయేవాణ్ణి.

ఆమెకు అప్పగించిన పని కింద షెడ్డుకు పనికొచ్చేది. పెద్ద పంకా చక్రం ఒక పక్క ఏ కాస్త బరువెక్కినా తిరిగేటప్పుడు ఊగుతుంది. ఎదురుగా సరైన చోట చిన్న ఇనపముక్క బిగిస్తే ఆ ఊపు ఆగుతుంది. ఎంత ముక్క, ఎక్కడ, అన్నదే లెక్క. ఆ ఊపుకు పరిమాణమూ ఉంటుంది, కోణమూ ఉంటుంది, అంటే అదొక సంకీర్ణ సంఖ్య. మిల్లు పంకాలు రెండు వేగాల్లో తిరుగుతాయి. ఒకే ముక్క రెండు వేగాలకూ కుదరాలి కాబట్టి ఒక్క సూత్రంతో తేలదు. ముక్కను ఎటు జరిపితే ఊపు తగ్గుతుందో చూసుకుంటూ కంప్యూటర్ అడుగు అడుగు ముందుకు పోవాలి. ఎటు తగ్గుతుందో చెప్పేది అవకలజం. ఊపు పరిమాణం అంటే మాడ్. అలా ఆ అమ్మాయి ఆరు నెలలూ నా చుక్కకూర పప్పు లైను మీద నిలబడ్డాయి.

అదే పని కింద ఒక పాత ఫిట్టరు చేత్తో చేసేవాడు. అందరం ఆయన్ను కాక, అంటే చిన్నాయన, అనేవాళ్ళం. ఆయన దగ్గర ఉన్న మీటరు ఊపు ఎంతో చూపిస్తుంది, అంతే. ఆయన చక్రం మీద సమాన దూరంలో మూడు సుద్దగీతలు గీసి, ఒకే ఇనపముక్కను ఆ మూడు చోట్లా బిగించి, మూడుసార్లు పంకా తిప్పేవాడు. తర్వాత నేల మీద దారంతో, సుద్దతో, మీటరు చూపిన కొలతలకు తగ్గట్టు సున్నాలు చుట్టేవాడు. సున్నాలన్నీ ఎక్కడ కలిస్తే అక్కడ ముక్క. కాక ముగ్గేస్తుండు అని అందరం ఆటపట్టించేవాళ్ళం. ఆ అమ్మాయి మాత్రం పక్కన చతికిలబడి, మూడు చోట్ల ఎందుకు కాకా అని అడిగింది.

"బిడ్డా, గీ మీటరు ఎంత ఊగుతుందో చెప్తది, ఎటు జరపాల్నో చెప్పది. గట్లాంటి దాన్ని ఒక్క తాన అడిగి ఇంటికి వోతే మోసపోతవ్. మూడు తాన్ల అడగాలె."

నేను అప్పుడు మెట్లు దిగుతున్నాను. ఆ మాట విన్నాను. నేను ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠాన్ని ఆయన మూడు ముక్కల్లో చెప్పాడని నవ్వుకున్నాను కూడా. నవ్వుకుని టీకి వెళ్ళాను.

ఆఫీసులో పరీక్షకు చిన్న పంకాను మందపాటి సిమెంటు దిమ్మ మీద బిగించారు. ఆమె ప్రోగ్రాం చెప్పిన చోట ముక్క పెట్టగానే ఊపు ఆగిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. అది ఎందుకు పనిచేసిందో నాకు ఆ తర్వాత అర్థమైంది. దిమ్మ గట్టిగా ఉంటే బరువు ఎటుంటే ఊపూ అటే ఉంటుంది, కోణం తేడా ఉండదు. అక్కడ సంకీర్ణ సంఖ్యలు కూడా మామూలు సంఖ్యల్లాగే మసలుకుంటాయి. నా లైను అదృష్టం కొద్దీ గట్టెక్కింది.

అలియాబాద్ దగ్గర కోళ్ళ దాణా తయారుచేసే మిల్లు ఒకటుంది. అక్కడి పెద్ద పంకా పొడవాటి ఇనపకాళ్ళ మీద ఉంటుంది. అందరికీ చూపించడానికి ఆ పంకాను ఎంచుకుని, యజమాని చుట్టుపక్కల మిల్లులవాళ్ళను నలుగురైదుగురిని పిలిచాడు. కాక సుద్దముక్క తీసి, "పటేలా, ముందుగాల ఒక్కపారి నా తీర్గ గూడ జూద్దమా?" అన్నాడు.

"ఇయ్యాల కంప్యూటర్ పని కాకా. నీ ముగ్గులు బంద్" అన్నాడు యజమాని, నలుగురికీ వినపడేలా.

ఆమె ప్రోగ్రాం చెప్పిన చోట కాక ముక్క బిగించాడు. పంకా తిప్పితే ఊపు తగ్గాల్సింది పోయి పెరిగింది. ప్రోగ్రాం కొత్త కొలతలు తీసుకుని, అదే దిక్కున ఇంకా బరువు పెట్టమంది. ఆమె నా వైపు చూసింది.

"పెట్టించమ్మా. లెక్క సరిగ్గనే ఉంది" అన్నాను.

ఈ మాటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రెండోసారి తిప్పేసరికి ఇనపకాళ్ళు గడగడలాడాయి. పైరేకుల మీద ఏళ్ళుగా పేరుకున్న దాణా దుమ్మంతా మా నెత్తిన పడింది. కాక ఒక చేత్తో ఆ అమ్మాయిని వెనక్కి లాగి ఇంకో చేత్తో ఎర్ర స్విచ్చు కొట్టాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పసుపు రాసిన పెళ్ళికొడుకుల్లా నిలబడ్డాం అందరం. ఒక్కరూ నవ్వలేదు.

ఆ తర్వాత కాక ఎవరినీ అడగలేదు. ముక్కలు విప్పాడు, సుద్దతో మూడు గీతలు గీశాడు, మూడుసార్లు తిప్పాడు, నేల మీద సున్నాలు చుట్టాడు. చక్రం మీద ఆయన చివరి గీత పెట్టిన చోటు మేము పెట్టించిన చోటికి సరిగ్గా ఎదురుగా ఉంది. ముక్క బిగిస్తే ఊపు ఆగిపోయింది.

సరిగ్గా ఎదురుగా అన్నదాన్ని చూడగానే నాకు తెలిసిపోయింది. ఊగే కాళ్ళ మీద ఊపు బరువు కంటే పావు చుట్టు వెనకబడుతుంది. నా లైను ఆ కోణాన్ని అటుది ఇటు తిప్పేస్తుంది. అటు పావు, ఇటు పావు, మొత్తం అర చుట్టు. తప్పు ఆమెది కాదు, నాది.

యజమాని అందరి ముందే ఆమెతో, "రేపటిసంది రావద్దమ్మా" అన్నాడు. ఆమె తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

వ్యానులో ఆమె నోటుబుక్కు పేజీల్లోంచి దాణా దుమ్ము దులుపుకుంటూ కూర్చుంది. శామీర్‌పేట దగ్గర దిగే ముందు నా ముఖం చూసి, "మీరు పరేషాన్ గాకుండ్రి సార్. నేనే యాడనో తప్పిన" అంది. ఉద్యోగం పోయిన పిల్ల నన్ను ఓదార్చింది.

ఎందుకు మాట్లాడలేదంటే, భయం. ఇంకో రెండు నెలల్లో నా రిటైర్మెంటు. ఆ నియమాల ఫైలు తయారుచేసినందుకే సన్మానం చేస్తారట, శాలువా కూడా కొన్నారని విన్నాను. శాలువా కోసం ఒక పిల్ల కూడు తీశాను. అదీ సంగతి, ఇంకోలా చెప్పుకోవడానికి లేదు.

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర కాక టీ గ్లాసు చేతికిచ్చాడు.

"నిన్న మీరు మాట్లాడుతరని జూసిన సార్."

"నీకెట్ల తెలుసు కాకా?"

"నాకు మీ లెక్క తెల్వది. మీ మొఖం ఎరుకే. నేను అవుతలి దిక్కు గీత గీసినంక తెల్లవడ్డది."

టీ గ్లాసు మెట్టు మీదే పెట్టేశాను. పైకి వెళ్ళేసరికి ఆమె నా బల్ల దగ్గర ఉంది. ఐడీ కార్డు ఇచ్చేసి పోదామని వచ్చిందట. చేతిలో నోటుబుక్కు.

"అన్ని మల్లొకసారి జేసిన సార్. మీ ఫైలు కాడిదాక అంత సరిగనే ఉంది. మీ కాడ తప్పుండది. మరి నేను యాడ తప్పిన్నో నా కండ్లకు అవుపడ్తలేదు. గదొక్కటి చూపిస్తే వోత."

ఫైలు తెరిచి లైను చూపించాను. కింద గడిలో నేను రాసిన ఆ రెండు మాటలూ చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది.

"గిది తప్పని మీకు ముందే తెలుసా సార్?"

"తెలుసు."

"మరెందుకు రాసిన్రు?"

"ఆకలయింది" అన్నాను. నిజం చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. చుక్కకూర పప్పు సంగతి కూడా చెప్పేశాను.

"నిన్న మిల్లుల?"

"కాక గీత గీసినప్పుడు సమజయింది."

"గప్పుడెందుకు చెప్పలే?"

లేచి ఆమెను వెంటబెట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన చేతిలో పెన్ను కింద పెట్టాడు.

"రెండు నెలలుంటే రిటైర్ అయితరు. సప్పుడు జెయ్యకుంటే అయిపోవు గద సార్."

"నాది అయిపోతుండె పటేల్. ఆమెది గూడ అయిపోతుండె."

ఆయన లేచి నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. కింద షెడ్డులో సుత్తెలు ఆగిపోయేంత గట్టిగా తిట్టాడు. ప్రతి తిట్టుకూ నా ఒంట్లోంచి ఒక్కో బరువు దిగింది. చివరికి అలిసిపోయి, "ఏదో ఒకటి చెప్పనియ్యుండ్రి అన్నది గూడ నేనే గద" అని తనే కూలబడ్డాడు. తర్వాత ఆమెతో, "నీ జాగల నువ్వు పోయి కూసో అమ్మా. నిన్న నలుగుర్ల అన్న, మల్ల ఆ నలుగుర్లనే చెప్త, నీ తప్పు లేదని" అన్నాడు. చెప్పాడు కూడా.

ఆమె పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున నమస్తే సార్ అనేది, అంతే. నా పక్కన అన్నం తినేది మానేసి కాక దగ్గరికి వెళ్ళి తినేది. పన్నెండో రోజు ఒక కాగితం నా ముందు పెట్టింది. సంకీర్ణ సంఖ్యనూ, అద్దంలో దాని నీడలాంటి సంయుగ్మాన్నీ వేరువేరుగా జరిపి, మాడ్‌కు రెండు అవకలజాలు రాసింది. ఒక్కచోట అడిగి ఊరుకోకుండా రెండు దిక్కులా అడగడమన్నమాట. పుస్తకాల్లో ఉన్నదే. ఆమెను అటు నడిపించింది మాత్రం కాక సుద్దముక్క.

"చూస్తరా సార్?" అంది. కళ్ళు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను.

నెలన్నర ఇద్దరం కూర్చుని ఆ నియమం రాశాం. మళ్ళీ అలియాబాద్ మిల్లుకే వెళ్ళాం. అదే పంకాకు కావాలని వేరేచోట బరువు తగిలించి, ఈసారి కాక ముందు గీత గీసి దాన్ని గుడ్డతో కప్పేశాడు. ఆమె ప్రోగ్రాం తన చోటు చెప్పింది. గుడ్డ తీస్తే రెండింటికీ వేలెడు తేడా. "గది నా సుద్ద మొద్దుదయి బిడ్డా" అన్నాడు కాక. వేలెడు తేడా ఎవరిదో నేటికీ తేలలేదు.

నా చివరి రోజున శాలువా కప్పారు. బరువుగానే ఉంది. అది అయ్యాక ఆమె నన్ను తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మాడ్‌కు అవకలజం అడగమంది. అడిగాను. లెక్క నాకే తిరిగొచ్చింది, కింద ఒక తెలుగు ప్రశ్నతో: "ఏ దిక్కున?"

చాలా రోజుల తర్వాత తిరుగుటపా చూశాను. ఇల్లు విడిచి పోయిన మనిషి తిరిగొచ్చినంత సంతోషమేసింది. ఆమె ఇంకొంచెం కిందికి జరిపి గళ్ళు చూపించింది. రాసినవారు అన్నచోట ఆమె పేరు. పరీక్షించిన విధం అన్నచోట కాక సుద్దగీత. అనుమానం వస్తే అడగవలసినవారు అన్నచోట నా పేరు.

"తప్పు రాసినోని పేరెందుకమ్మా అక్కడ?"

"తప్పు ఎట్లయితదో మీకే గద సార్ ఎరుక. రేపు ఇంకెవలన్న తర్వాత చూద్దామనుకుంటే ఎవల్ని అడగాలె? ఫోన్ జేస్తే చెప్తరా?"

"చెప్త."

"మొత్తం చెప్పాలె. చుక్కకూర పప్పు కాడికెల్లి."

ఇప్పటికీ ఏడాదికి ఒకరో ఇద్దరో ఫోన్ చేస్తారు, నేనెప్పుడూ చూడని కొత్త పిల్లలు. పప్పు దగ్గర మొదలుపెట్టి అంతా చెబుతాను. మిల్లు దాకా బాగానే వస్తాను. వ్యానులో ఆ పిల్ల నన్ను ఓదార్చిన చోటికి వచ్చేసరికి ఫోను బల్ల మీద పెట్టి మంచినీళ్ళు తాగాల్సి వస్తుంది. అవతలివాళ్ళు లైను కట్టయిందనుకుని హలో సార్, హలో, ఉన్నారా అంటారు. ఉన్నాను, ఒక్క నిమిషం ఆగండి, చెబుతాను అంటాను.